బాక్సు నంబరు 312

శ్రీరామమూర్తిగారు పేపరు చదివే పద్ధతే వేరు. లోకమంతా మొదటి పేజీ నుంచి చదివితే, ఆయన వెనక నుంచి, వాంటెడ్ ప్రకటనల కాలమ్‌లతో మొదలుపెడతారు. మంత్రులు ఏమన్నారో, మూసీకి నీళ్లెంత వచ్చాయో ఆయనకు తర్వాతి సంగతి. తన ప్రకటనల కింద తన బాక్సు నంబర్లు సరిగా పడ్డాయో లేదో ముందు చూసుకోవాలి. అవి సరిగా పడ్డాయని తేలితే గానీ కాఫీ రెండో గుక్క దిగదు.

రాష్ట్రం ఏర్పడిన మరుసటేడు గుడివాడ నుంచి వచ్చి, నాంపల్లిలో అద్దెకు దిగి, ఆబిడ్స్‌లోని ఆ దినపత్రిక ఆఫీసులో చేరారాయన. ఉద్యోగికోసమో అల్లుడికోసమో వెతుక్కునేవాళ్లు అందరూ తమ పేరు బయట పెట్టుకోరు. అలాంటివాళ్ల ప్రకటన కింద పత్రికవాళ్లు ఒక బాక్సు నంబరు వేస్తారు. జవాబులన్నీ పత్రిక ఆఫీసుకే వస్తాయి. వాటిని విప్పకుండా నంబర్లవారీగా అరల్లో సర్ది, ప్రకటన ఇచ్చినవాళ్లకు చేర్చడం మూర్తిగారి పని. అందులో ఆయనకు రెండు నియమాలు. ఏ నంబరు వెనక ఎవరున్నారో కట్టుకున్న భార్యకైనా చెప్పకూడదు. వచ్చిన ఉత్తరం ఎవరిదైనా ఒక్కరోజు కూడా తన దగ్గర ఆగకూడదు.

"మూర్తి చేతిలో పడ్డ ఉత్తరం దేవుడి హుండీలో పడ్డట్టే" అని ఆఫీసులో అనుకునేవారు. ఆ మాట ఆయన చెవిన పడినప్పుడల్లా వినపడనట్టు నటించి, ఇంటికొచ్చి భార్య శేషారత్నమ్మగారికి రెండుసార్లు చెప్పేవారు.

ఆ ఉదయం కాఫీ గ్లాసు అందిస్తూ ఆవిడ మామూలు పాటే ఎత్తుకుంది.

"ఊళ్లో సగంమందికి ఉద్యోగాలూ పెళ్లిళ్లూ మీ చేతి మీదుగానే అవుతున్నాయి. మనింట్లో పిల్ల మాత్రం మూడేళ్లుగా టైపు మిషను ముందు వేళ్లు విరుచుకుంటోంది. వచ్చే నెల పదో తారీకుకి ఇరవై అయిదు నిండుతాయి. ఆ తర్వాత దరఖాస్తు పెట్టడానికి కూడా లేదట!"

"అన్నిటికీ టైము రావాలి" అన్నారు మూర్తిగారు పేపరులోంచి తల ఎత్తకుండా.

ఎత్తకపోవడానికి కారణం ఉంది. వీధి గుమ్మంలో కూతురు వసుమతి నిలబడి పోస్టుమాను వచ్చే దారి చూస్తోంది. పది రోజులుగా ఇదే వరస. దేనికోసం చూస్తోందో ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. కానీ ఆయనకు తెలుసు.

పన్నెండో తారీకున 312 నంబరుకు వచ్చిన కట్టలో ఒక కవరు మీద చేతిరాత చూడగానే ఆయన పోల్చుకున్నారు. ఆ అక్షరాలు ఆయన పలక మీద దిద్దించినవే. "ప్రసిద్ధ సంస్థకు లేడీ టైపిస్టు కావలెను. వయసు ఇరవై అయిదు దాటరాదు" అని ప్రకటన. ఆ ప్రసిద్ధ సంస్థ ఏదో వసుమతికి తెలియదు. అది మూర్తిగారి ఆఫీసే. పత్రికవాళ్లు తమకు కావలసిన మనిషి కోసం తమ పేపర్లోనే పేరు దాచుకుని వేసిన ప్రకటన అది. కవరు పట్టుకుని ఆయన చాలాసేపు కూర్చున్నారు. తర్వాత మిగతా కట్టనంతా మేనేజరు గదికి పంపి, ఆ ఒక్కదాన్నీ తన సొరుగులో అడుగున పెట్టి తాళం వేశారు. ఒక పక్షపాతం జరగకుండా ఆపానన్న తృప్తితో ఆ రోజు ఇంటికి వచ్చారు.

ఇవాళ కూడా పోస్టుమాను రాలేదు కానీ, టైపు ఇన్‌స్టిట్యూట్‌లో వసుమతితో పాటు నేర్చుకున్న నాగరత్నం కాచిగూడ నుంచి రిక్షాలో వచ్చింది. చేతిలో కార్డు ఆడిస్తూ లోపలికి పరుగెత్తింది.

"వసూ! నాకు ఇంటర్వ్యూ వచ్చిందే! రేపు పదకొండింటికి. ఎక్కడో చెప్పుకో. మీ నాన్నగారి పత్రికాఫీసులోనే! నీ కార్డేది? ఇద్దరం కలిసి వెళ్దాం."

వసుమతి ముఖం ఒక్క క్షణం వెలిగి, అంతలోనే వాడిపోయింది.

"నాకు రాలేదే."

"అదేమిటి? నాకన్నా రెండు రోజుల ముందు వేశావుగా? పరీక్షలో నాకన్నా నీకే మార్కులు ఎక్కువ కూడానూ!"

"నువ్వెప్పుడు వేశావే? నాకు చెప్పనే లేదు" అంది శేషారత్నమ్మగారు వంటింట్లోంచి వస్తూ.

"వచ్చాక చెబుదామనుకున్నానమ్మా." వసుమతి గబగబా చెప్పులు వేసుకుంది. "నా దరఖాస్తు పోస్టులోనే పోయుంటుంది. నాన్నగారి బల్లదాకా వచ్చి ఉంటే పోయే ప్రశ్నే లేదు. పోస్టాఫీసు కిటికీ దగ్గర కూర్చున్న ముసలాయన నాకు గుర్తే, స్టాంపు ఆయన దగ్గరే కొన్నాను. ఇప్పుడే వెళ్లి ఆయన మీద ఫిర్యాదు రాసిస్తాను. కాస్త ఆగు నాగరత్నం, తోడు వద్దువుగాని."

ఎవరో పోస్టాఫీసు ముసలాయన. రిటైరవడానికి ఇంకెన్నాళ్లుందో. మూర్తిగారి చేతిలో పేపరు కిందికి దిగింది.

"వసూ, వెళ్లకు."

"ఊరుకుంటే ఎలా నాన్నగారూ? ఇలాంటి ఉద్యోగం మళ్లీ పడేసరికి నాకు వయసు దాటిపోతుంది."

"ఉత్తరం పోలేదమ్మా. నా సొరుగులో ఉంది."

నాగరత్నం పరిస్థితి గ్రహించి, రిక్షా ఆగి ఉందంటూ మెల్లగా బయటికి నడిచింది.

"సొరుగులో ఉండటమేమిటండీ? మరిచిపోయారా?" అడిగింది శేషారత్నమ్మగారు.

అవును అంటే అయిపోయేది. పనుల తొందరలో మరిచిపోయానంటే ఇద్దరూ నమ్మేవారు కూడా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ గుమ్మంలో నిలబడ్డ కూతురి ముఖం చూస్తూ ఆయన అబద్ధమాడలేకపోయారు.

"మరిచిపోలేదు. ఆపాను. ఆ ఉద్యోగం మా ఆఫీసులోది. ఉత్తరాలన్నీ నా చేతి మీదుగా వెళ్లి, చివరికి నా కూతురే వచ్చి కూర్చుంటే ఏమంటారు? మూర్తి తన డబ్బాలోంచి తన పిల్లనే తీశాడనరూ? పదకొండేళ్లుగా నా మీద ఎవరూ వేలెత్తి చూపలేదు."

"బాగుందండీ! మీ మంచిపేరుకి మెరుగు పెట్టుకోవడానికి పిల్ల బతుకు అరగదీస్తారా?" శేషారత్నమ్మగారి గొంతు వీధిలోకి వినపడేలా లేచింది. "ఆ టైపు నేర్చుకోమని చేర్పించింది మీరు కాదూ?"

వసుమతి తల్లిని ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. ఆ పిల్ల అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆయనకు.

"ఎన్ని ఉత్తరాలు వచ్చాయి నాన్నగారూ?"

"నూట నలభై."

"అంటే నూట ముప్పై తొమ్మిదీ చేర్చారు. నాకు ఇప్పించమని మిమ్మల్ని అడిగానా? మీ చేతికిస్తే స్టాంపు ఖర్చు లేకుండా వెళ్లేది. అయినా ఎందుకివ్వలేదో తెలుసా? రికమెండేషను అనుకుంటారేమోనని. అందరిలాగే పోస్టులో వేస్తే, అందరి ఉత్తరాల్లాగే మీరు చేరుస్తారని. మీ కూతుర్ని కాకపోయుంటే ఈపాటికి నాకూ కార్డు వచ్చేది."

చెప్పులు విప్పి వెనక గదిలోకి వెళ్లిపోయింది. తలుపు చప్పుడు కూడా చేయలేదు.

తాను పక్షపాతం లేని మనిషినని మూర్తిగారు ఇన్నాళ్లూ ఛాతీ విరుచుకుని తిరిగారు. నూట నలభై మందిలో ఒక్కరికి అన్యాయం చేసి, దానికి నిజాయితీ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఒక్కరూ ఇంకెవరైనా అయి ఉంటే, తన ఉద్యోగం తానే వదిలేసుకుని ఉండేవారు. కూతురు కాబట్టి ఏం చేసినా చెల్లుతుందనుకున్నారు. భోజనం చేయకుండానే లేచి చొక్కా వేసుకున్నారు.

ఆఫీసులో ప్యూను వెంకటేశం అప్పుడే బల్లలు తుడుస్తున్నాడు. "ఏంది సార్, గింత జల్దీ వచ్చిన్రు? పానం మంచిగ లేదా?" అన్నాడు. ఆయన సొరుగు తాళం తీసి, కవరు తీసుకుని, సరాసరి మేనేజరు వామన్‌రావుగారి గదిలోకి వెళ్లారు. వామన్‌రావుగారిది చాదర్‌ఘాట్‌లో నాలుగు తరాల కుటుంబం. నవ్వినా కోప్పడినా పూర్తిగా చేసే మనిషి.

"కూసోన్రి మూర్తిగారూ. ఏందిది? 312దా? పన్నెండో తారీకు ముద్ర ఉన్నది. ఇయ్యాల ఇరవై రెండు. గిన్ని దినాలు ఏడున్నది?"

"నా సొరుగులో. కావాలనే ఆపాను. అది మా అమ్మాయి దరఖాస్తు."

వామన్‌రావుగారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "సొంత పిల్లల కాగితం పైకి పెట్టెటోల్లను మస్తుమందిని చూసిన. కింద దాచిపెట్టినోల్లను మిమ్ములనే చూస్తున్న!" అని గట్టిగా నవ్వారు. మూర్తిగారు నవ్వకపోవడం చూసి ఆయన నవ్వు కూడా ఆగింది. "గని తప్పు తప్పే గద. ఒకరి ఉత్తరం ముందుకు తోస్తే ఎంత తప్పో, ఎనుకకు గుంజితే గూడ గంతే. మెమో ఇస్త."

"ఇవ్వండి. ఇవ్వకపోతే నాకే బాగుండదు."

"పిల్ల దరఖాస్తు గడువు లోపలనే వచ్చింది. ఆమెదేం తప్పు లేదు. రేపు అందరితోని రమ్మనున్రి. పరీక్ష పెట్టనీకి బయటినుంచి టైపు మాస్టరు వస్తున్నడు. కాగితాల మీద పేర్లుండయి, నంబర్లే. మీరు మాత్రం ఆ గది దిక్కు రాకున్రి."

సాయంత్రం ఇంటర్వ్యూ కార్డు ఇంటికి తెచ్చి వసుమతి చేతికిచ్చారు. ఆమె తీసుకుని పుస్తకంలో పెట్టుకుంది. శేషారత్నమ్మగారే అడిగింది.

"మెమో అంటే జీతం కోస్తారా?"

"కోయరు. సర్వీసు పుస్తకంలో ఉండిపోతుంది. పదకొండేళ్లకు మొదటిది."

వసుమతి తల తిప్పి తండ్రివైపు చూసింది.

మర్నాడు పదకొండింటికి పక్క గదిలో, దరఖాస్తుల్లోంచి ఏరి పిలిచిన తొమ్మిది మంది టైపు మిషన్లు ఒక్కసారిగా మొదలయ్యాయి. మూర్తిగారు తన బల్ల దగ్గర కూర్చుని ఉత్తరాలు సర్దుతున్నారు. చేతులు అరలవైపు ఉన్నాయి, చెవులు గోడవైపు ఉన్నాయి. కాసేపటికి వెంకటేశం దగ్గు తెచ్చుకున్నాడు.

"సార్, కిరాయి ఇల్లు కావాలన్నోల్లకు మీరు పెండ్లికొడుకుల ఫోటోలు పంపుతున్నరు. జర చూస్కోన్రి."

తొమ్మిది మందిలో వసుమతి మొదట వచ్చింది. నాగరత్నం రెండోది. ఇంకో చోటు ఖాళీ కాగానే ఆమెను పిలుస్తామన్నారు. "నువ్వు రాకపోతే నేనే మొదట వచ్చేదాన్ని కదే!" అని వసుమతి వీపు మీద ఒకటిచ్చి, తర్వాత కౌగిలించుకుంది నాగరత్నం. మూర్తిగారు ఏ మాటకైతే భయపడ్డారో ఆ మాట కూడా రానే వచ్చింది. క్యాంటీన్లో ఎవరో "మూర్తిగారు మొత్తానికి అమ్మాయిని తెచ్చుకున్నారు" అనడం ఆయన చెవులారా విన్నారు. విని, చేతిలోని టీ పూర్తిగా తాగి, పనిలోకి వెళ్లారు. టీ రుచి ఏమీ మారలేదు. దీనికోసమా తను అంత పని చేసింది అని మాత్రం తెగ సిగ్గుపడ్డారు.

ఒకటో తారీకున తండ్రీకూతుళ్లు కలిసి ఆఫీసుకు నడిచారు. గుమ్మం దగ్గర విడిపోయి ఎవరి బల్ల దగ్గరికి వాళ్లు వెళ్లారు. మెమో సంగతి మేనేజరు మరిచిపోయారేమో, గుర్తు చేయడం తన ధర్మమేమో అని మూర్తిగారు ఆలోచనలో పడ్డారు.

పదకొండున్నరకు వసుమతి ఆయన బల్ల ముందుకొచ్చి నిలబడింది. చేతిలో మడిచిన కాగితం, సంతకం పెట్టించుకునే పుస్తకం. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"మేనేజరుగారు మీకిమ్మన్నారు. ఇన్నాళ్లూ టైపు చేసే మనిషి లేక ఆగిందట. నాకిచ్చిన మొదటి పని ఇదే."

మూర్తిగారు కాగితం విప్పారు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. ఒక దరఖాస్తును పది రోజులు ఆపినందుకు హెచ్చరిక. కింద ఎడమ మూలన టైపు చేసినవారి పొడి అక్షరాలు కూతురివే. ఆయన ఒక్కో అక్షరం మీదా చూపు నిలుపుతూ చివరిదాకా చదివారు.

"మూడుసార్లు కాగితం మార్చాను నాన్నగారూ" అంది వసుమతి గొంతు తగ్గించి. "మీ పేరు దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆడలేదు. ఇది నేను చేయలేను, ఇంకెవరితోనైనా చేయించండని వెళ్లి చెబుదామని లేచాను కూడా."

"మరి చెప్పలేదేం?"

"మా నాన్నగారని ఆపితే, మీరు చేసిందే నేనూ చేసినట్టవుతుంది కదా."

మూర్తిగారు పుస్తకం తీసుకుని అందినట్టు సంతకం పెట్టారు. కళ్లద్దాలు తీసి రుమాలుతో తుడిచారు గానీ, తడి అద్దాలది కాదు.

"నీ కాగితం నేను ఆపాను. నా కాగితం నువ్వు ఆపలేదు. నాకన్నా నువ్వే నయం తల్లీ" అన్నారు.

వసుమతి ఏడుపు ఆపుకోలేక పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన పుస్తకం ఆమె చేతిలో పెట్టి, భుజం తట్టారు.

"వెళ్లమ్మా. నీ బల్ల మీద ఇంకా చాలా కాగితాలు ఉంటాయి."