ఎనిమిదో తరగతిలో ఆరడుగులు

దేవరయాంజాల్ మొగులయ్య ఎనిమిదో తరగతిలోనే ఆరడుగులు. తలకు ద్వారబంధం తగులుతుందని బడిలోకి వంగి వచ్చేవాడు. నల్లబల్ల పైఅంచు తుడవాలంటే పంతులు ఆయననే పిలిచేవాడు. కొడుకు నరసింహదీ అదే పెరుగుదల. పెళ్లిచూపులనాడు ఈ సంగతి విని ఆడపిల్లవాళ్లు నోళ్లు తెరిచారు.

మనవడు వంశీ మాత్రం పదమూడేళ్లొచ్చినా బడి ప్రార్థనలో పొట్టివాళ్ల మొదటి వరుసే. మేడ్చల్ ఆసుపత్రికి వెళ్లాల్సిన ఆ ఉదయం, కోడలు పద్మలత ఉప్మా వడ్డిస్తూ కళ్లు తుడుచుకుంది.

"మీ ఇంట్ల అందరు జల్దీ పెరిగిండ్రు. నా కొడుక్కే ఏమైంది మామా? నా దిక్కుకెల్లి వచ్చిందా గీ పొట్టితనం?"

"ఏంగాదు బిడ్డా. ఒక్క వాన పడితే లేస్తడు."

"నేనేమన్న మక్కజొన్ననా తాతా?" అన్నాడు వంశీ.

నరసింహ ఉప్మాలో జీడిపప్పు వెతుకుతున్నట్టు తల దించుకున్నాడు.

డాక్టర్ లలితకుమారి ఎడమచేతి ఎక్స్‌రే చూపించింది. "బాబుకి పదమూడు, ఎముకల వయసు పదకొండే. థైరాయిడ్, పేగు పరీక్షలు బాగానే ఉన్నాయి. పెరుగుదల హార్మోను తక్కువైనా ఎముకలు ఇలా వెనకబడతాయి, ఆలస్యంగా ఎదిగే కుటుంబమైనా వెనకబడతాయి. ఏడాదికి ఎంత పెరుగుతున్నాడో చూడాలి."

పద్మలత బడి ఆరోగ్య కార్డులు ముందుపెట్టింది. ఏటా ఐదు సెంటీమీటర్లు.

"మంచి గుర్తే. కానీ ఇంట్లో మగవాళ్లంతా తొందరగా ఎదిగారని ఫారంలో రాశారు. అందుకే హార్మోను పరీక్ష అంటున్నాను. పూటంతా పడుకోబెట్టి మళ్లీ మళ్లీ రక్తం తీస్తారు. లోపం తేలితే రోజూ సూది."

"రోజూనా?" వంశీ చేతులు వెనక్కి దాచుకున్నాడు.

మొగులయ్య లేచి నిలబడ్డాడు. "డాక్టరమ్మా, ఫారంల గా ముచ్చట కొట్టేయుండ్రి. పదహారేండ్లు నిండెదాంక నేను మేకపిల్లంత ఉంటి. కబడ్డీల కాళ్ల సందులకెల్లి ఉరికెటోన్ని. పదిహేడు దాటినంకనే లాగులు పొట్టిగైనయి."

పద్మలత భర్తవైపు తిరిగింది. "మరి నువ్వు?"

నరసింహ గొంతు సవరించుకున్నాడు. "ఇంటర్ల చేరేదాంక కండక్టర్ నాకు సగం టికెట్టే కొట్టేటోడు."

"ఇన్నేండ్ల సంది నాకెందుకు జెప్పలే?"

"పెళ్లిచూపులనాడు బాపు మీ నాయిన ముంగట అనేసిండు. బాపు మాట కాదనమంటవా?"

"బాపు ఇజ్జత్ కోసం నా కొడుక్కు సూదులు పొడిపిస్తుంటివా?"

మొగులయ్య కోడలికి చేతులు జోడించాడు. "తప్పు నాది బిడ్డా. వాన్నేమనకు." ఆయన కళ్లు చెమర్చాయి.

"పెద్దాయన ఇప్పుడైనా చెప్పారు," అని నవ్వింది డాక్టరమ్మ. "పరీక్ష ప్రస్తుతానికి ఆపుదాం. ఆరు నెలలకోసారి ఇక్కడే కొలుద్దాం. పెరుగుదల మందగిస్తే మాత్రం పరీక్ష తప్పదు."

తిరుగుదారిలో పద్మలత చాలాసేపు మూతి బిగించుకు కూర్చుంది. ఉన్నట్టుండి "మేకపిల్లంతంట!" అని నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూనే కాస్త ఏడ్చింది. వంశీ తాత భుజం మీద చెయ్యేశాడు. "ఇగ ఎవరన్న నన్ను పొట్టోడంటే నీ పేరే జెప్త తాతా."

ఆరడుగుల అబద్ధం ఆసుపత్రిలోనే కొట్టేయించాను కదా. ఇక ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే, మొగులయ్య అన్న పేరు. ఆ మేకపిల్లను నేనే.