మూడో టీమ్‌లో అంకుల్

లాండ్రీ వెనక గదిలో ఆవిరి యంత్రాలు ఎప్పుడూ బుస్సుబుస్సుమంటూనే ఉంటాయి. లోపల ఏం మాట్లాడుకున్నా బయటికి పొక్కదు. అందుకే పెద్దాయన బ్రీఫింగులన్నీ అక్కడే పెడతాడు. వేలాడుతున్న కోట్ల మధ్యలోంచి తల బయటపెట్టి, ఎదురుగా నిలబడ్డ ఏజెంటును ఎగాదిగా చూశాడు.

"మీసం తీసెయ్. సోమవారంనుంచి నువ్వు కాలేజీ స్టూడెంటువి."

డిపార్ట్‌మెంట్‌లో ఆ ఏజెంటును అందరూ పిల్లి అంటారు. అడుగు చప్పుడు వినపడకుండా నడుస్తాడని వచ్చిన పేరు. నలభైకి దగ్గరపడ్డ మనిషి. దొంగ పాస్‌పోర్టులతో సరిహద్దులు దాటాడు, పరుగెత్తే రైళ్లమీదనుంచి దూకాడు. కానీ పాపం, కాలేజీ అన్న మాట వినగానే మీసం మీద చెయ్యి అడ్డంపెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

పెద్దాయన సంగతంతా విప్పాడు. పరాయి దేశాల్లో మారువేషాల్లో పనిచేస్తున్న మనవాళ్ల ఫొటోలు ఒక విదేశీ ముఠా చేతికి చిక్కాయి. వాటిని దేశం దాటించాలి. దానికి వాళ్లు పన్నిన పన్నాగం మామూలుది కాదు. ఇక్కడి కాలేజీలో స్టూడెంట్లు టీములుగా చేరి మల్టీమీడియా ప్రాజెక్టులు చేస్తారు. ఆ సినిమాలన్నీ పోటీ వెబ్‌సైట్‌లో ఎక్కుతాయి. మూడో టీమ్ సినిమాలో, బొమ్మలోని చుక్కల మధ్య చుక్కలుగా, ఆ ముఖాలను దాచేస్తారు. కంటికి కనపడవు. అవతలివాడు ఎక్కడో కూర్చుని సినిమా దించుకుని, ముఖాలు విప్పుకుంటాడు.

"పోటీ ఆపించేస్తే పోదా సార్?"

"ఆపితే వేరే దారి చూసుకుంటారు. ఇదైతే మనకు తెలిసిన దారి. ఇక్కడే పట్టుకోవాలి."

ఆ తరవాత పెద్దాయన గొంతు తగ్గించాడు. ఆ ఫొటోల్లో ఒకటి పూల కొట్టు నడుపుతున్న ఒక ఆవిడది అన్నాడు. అంతకన్నా చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ పిల్లికి సొంత అక్క. తల్లి పోయాక తల దువ్వి, చొక్కా గుండీలు పెట్టి బడికి పంపిన మనిషి. ఆ ముఖం అవతల చేరిందంటే పూల కొట్టు తెల్లారేసరికి తెరుచుకోదు.

పెద్దాయన అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. సినిమా ఉన్న మెషీనుకు ఆనిస్తే, లోపల ఏదైనా దాచి ఉంటే ఎర్ర లైటు వెలుగుతుందట. అయితే ముఠా ఫైనల్ కాపీలోనే ఎక్కిస్తుంది, కాబట్టి సినిమా పూర్తయితే తప్ప డబ్బాకు పని లేదు. లోపల మనవాళ్లు ఒకరున్నారు, కోడ్ వర్డ్ చెప్పి కలుపుకో అన్నాడు. "రెండర్ అయిందా?" అని అడగాలి. "నిన్ననే అయిపోయింది" అనేది జవాబు.

మొదటి రోజే పిల్లికి ఆ కోడ్ పెట్టినవాడి పీక నొక్కాలనిపించింది. ముక్కలుగా తీసిన సినిమాను మెషీను ఒకటిగా ఉడికించి ఇవ్వడాన్నే వాళ్లు రెండర్ అంటారు. ఆ కాలేజీలో కారిడార్లలో, క్యాంటీన్లో, మెట్లమీద, ఎవరికెవరు ఎదురుపడినా అదే ప్రశ్న. కాఫీ మెషీన్ దగ్గర ముక్కూమొహం తెలియని పిల్లలు వచ్చి "రెండర్ అయిందా?" అని తననే అడుగుతున్నారు. జేబులో పిస్తోలు తడుముకోవడం, అది మామూలు ప్రశ్నేనని తెలిసి చెమట తుడుచుకోవడం, రోజంతా ఇదే వరస.

మీసం తీసి, సంచి భుజాన వేసి, పాత సబ్జెక్టులు మిగిలిపోయినవాణ్ణని చెప్పుకున్నా, టీమ్ వాళ్లు చూసీ చూడగానే అంకుల్ అనేశారు. కనీసం అన్నా అని పిలవండర్రా అంటే, సరే అంకుల్ అన్నారు.

ఆ టీమ్ సంగతి చెప్పుకోవాలి. లీడరు కుర్రాణ్ణి అందరూ మేనేజర్ అంటారు. రంగురంగుల చార్టులు గీసి గోడకు అంటించడం తప్ప ఇంకో పని ముట్టుకోడు. సౌండ్ చూసే పిల్ల హెడ్‌ఫోన్స్. అవి చెవులమీదనుంచి దిగవు, కాబట్టి మనం చెప్పేది లోపలికి పోదు. కెమెరా కుర్రాడి పేరే రేపు. ఏది అడిగినా రేపు ఇస్తానంటాడు, ఆ రేపు రాదు. వీళ్లంతా కలిసి తీస్తున్న సినిమా 'ట్రాఫిక్ సిగ్నల్ ఆత్మకథ'.

నాలుగో మనిషి ఎడిటర్. ఒక చెవికి మాత్రం ముత్యం పెట్టుకుని, నడిస్తే కారిడారంతా తలతిప్పి చూసేంత అందగత్తె. ముత్యం అనే పిలుస్తారు. పిల్లి విసుగొచ్చి, ఆశ వదులుకుని, "రెండర్ అయిందా?" అని ఆమెను అడిగాడు. ఆమె కళ్లెత్తి చిన్నగా నవ్వింది.

"నిన్ననే అయిపోయింది."

పిల్లి ప్రాణం లేచొచ్చింది. ఆ కాలేజీలో ఒక పని అయిపోయిందన్న మాట విన్నది అదే మొదలు.

అక్కడినుంచి అసలు కష్టాలు. ముఠా రావాలంటే సినిమా పూర్తి కావాలి, సినిమా పూర్తి కావాలంటే వీళ్లు పనిచెయ్యాలి. మీటింగు పెడితే టైటిల్ అక్షరాలు ఏ రంగులో ఉండాలని సాయంత్రందాకా కొట్లాడుకున్నారు. మెసేజ్ పెడితే అందరూ చూస్తారు, ఒక్కరూ బదులివ్వరు. బతిమాలాడు, బుజ్జగించాడు, పళ్లు నూరాడు. చివరికి స్క్రిప్టు తనే రాసి, ఎండింగ్ ఒక్కటి రేపుకు వదిలి, మిగతాదంతా ఎండలో నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి తనే షూట్ చేసి, సిగ్నల్‌కు గొంతు కూడా తనే ఇచ్చుకున్నాడు. వచ్చిన ముక్కలన్నీ అతికించి, హెడ్‌ఫోన్స్ ఎంతకీ సౌండ్ కలపకపోతే, అది లేకుండానే ఒక రఫ్ కాపీ మేనేజర్‌కు పంపితే, వాడు దాన్ని చార్టులో ఆకుపచ్చ రంగుతో గుర్తుపెట్టి చేతులు దులుపుకున్నాడు.

ఒక్కోసారి పిల్లి చెయ్యి ఆగిపోయేది. అక్క మెడకు ఉరి తాను తన చేతులతోనే పేనుతున్నాడేమోనని. మళ్లీ తల విదిలించి పనిలో పడేవాడు.

గడువు రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం పన్నెండులోపు అప్‌లోడ్ చెయ్యాలి. ముత్యం ల్యాబ్‌లో తాపీగా కూర్చుని ఉంది. నిన్న సాయంత్రమే ఫైనల్ కాపీ సిద్ధం చేశానని, తన డబ్బాతో పరీక్ష చేస్తే పచ్చ లైటే వచ్చిందని, ముఠా భయపడి తోక ముడిచినట్టుందని చెప్పింది. పిల్లి కాపీ చూస్తానంటే నొచ్చుకుంది. తనవాళ్లనే అనుమానించినందుకు అతనికే సిగ్గేసి బయటికొచ్చాడు.

మెట్లమీద రేపు ఎదురొచ్చాడు, కెమెరా మెళ్లో వేసుకుని, రొప్పుతూ.

"ఎండింగ్ షాట్స్ అంకుల్. ఇదిగో, ఇప్పుడే తీసుకొచ్చా. తిట్టకండి."

పిల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు.

"ఎండింగే లేకుండా నిన్న సినిమా ఎలా అయిపోయిందిరా? ముత్యం నిన్ను అడగలేదా?"

"ఒక్కసారి కూడా అడగలేదంకుల్. పాపం మంచిది. మీలాగా ప్రాణం తియ్యదు."

పిల్లి ల్యాబ్ వైపు వెనక్కి తిరిగాడు. ఎడిటర్ అయిన మనిషి ఎండింగ్ షాట్స్ కోసం రేపును నమిలి మింగకుండా ఊరుకుంటుందా? ఆ టీమ్‌లో ఉండి రేపును తిట్టలేదంటే, ఆ సినిమాతో ఆమెకు పనే లేదన్నమాట. ఆమెకు కావలసింది చుక్కలు దాచుకోవడానికి బొమ్మలున్న సంచి. అందులో సిగ్నల్ కథకు ముగింపు ఉంటే ఏం, లేకుంటే ఏం.

చప్పుడు కాకుండా ల్యాబ్‌లోకి దూరి, ఆమె వీపు వెనకగా డబ్బా మెషీనుకు ఆనించాడు. ఎర్ర లైటు భగ్గుమంది. ముత్యం కుర్చీ తిప్పింది. చేతిలో లిప్‌స్టిక్ లాంటిది ఉంది, కాకపోతే దాని మూతి గుండ్రటి తుపాకీ గొట్టం.

"చేతులు కనపడేలా పెట్టు."

"డిపార్ట్‌మెంట్ నిన్నెంత నమ్మింది."

"రెండు వైపులా జీతం వస్తుంటే ఒక వైపే పనిచెయ్యడం చేతకానివాళ్ల పని." ఆమె ఎడమచేత్తో బటన్ నొక్కింది. తెరమీద నీలి గీత పాకడం మొదలైంది. "ఇది అందాక నీ సంగతి చూస్తా. మీ అక్క ఫొటోలో బాగుంది. పూల మధ్య నిలబడి."

పిల్లి ఒక చెయ్యి ఎత్తాడు. రెండోది ఎత్తుతున్నట్టు నటిస్తూ జేబులోని ఫోన్ మీద బొటనవేలు ఆడించాడు. పోటీ రూలు ప్రకారం టీమ్‌కు ఒక్కటే ఎంట్రీ, ముందు అందిందే లెక్క. చూడకుండా టైప్ చెయ్యడం ట్రైనింగులో నేర్పారు. మేనేజర్‌కు మెసేజ్ కొట్టాడు: నా రఫ్ కాపీ ఇప్పుడే అప్‌లోడ్ చెయ్.

కొట్టాడు గానీ, ఆశ ఎక్కడిది? చేరినప్పటినుంచి ఏ మెసేజ్‌కు వీళ్లు బదులిచ్చారు గనక? నీలి గీత సగం దాటింది. ఆ వెధవ ఇప్పుడు ఏ చార్టుకు రంగులు వేస్తున్నాడో. గీత ముప్పాతిక దాటింది. ఫోన్ కదల్లేదు. దేశాలకు దేశాలు దాటి బతికి బట్టకట్టినవాడు, చివరికి మెసేజ్ చూసి ఊరుకునే కుర్రాడి చేతిలో అక్కను పెట్టాల్సివచ్చిందే అని కళ్లలో నీళ్లు తిరిగాయి. గీత చివర చేరింది. జేబులో ఫోన్ గురగురమంది.

తెరమీద అక్షరాలు పడ్డాయి: 'మీ టీమ్ ఎంట్రీ ఇప్పటికే అందింది. రెండోది స్వీకరించబడదు.'

ముత్యం ఒక్క క్షణం తెరవైపు చూసింది. ఆ క్షణం చాలు. ఆమె మణికట్టు పిల్లి గుప్పిట్లో నలిగింది, లిప్‌స్టిక్ నేలమీద దొర్లింది. ఆమెను ల్యాబ్‌లోని స్పీకర్ వైర్లతో కుర్చీకి కట్టేసి, అప్పుడు ఫోన్ తీసి చూశాడు.

'పెట్టేశా అంకుల్. సౌండ్ లేదు, పర్లేదా?'

ముఠాను ఆ సాయంత్రమే పెద్దాయన మనుషులు ఊడ్చేశారు. ఫొటోలు దొరికాయి. ఫలితాల రోజున పెద్దాయన పిల్లిని లాండ్రీకి పిలిచి, కాలేజీనుంచి వచ్చిన కాగితం అందించాడు. టీమ్ సభ్యులు ఒకరికొకరు మార్కులు వేసుకోవాలట. పిల్లికి అందరికన్నా తక్కువ వచ్చాయి. కింద మేనేజర్ రాశాడు: 'అంకుల్ ప్రతిదానికీ తొందరపెడతారు. కలిసి పనిచెయ్యడం ఇంకా నేర్చుకోవాలి.'

పిల్లి ముఖం కందగడ్డ అయింది. ఒకటొకటిగా చెప్పుకోవడం మొదలుపెట్టాడు, స్క్రిప్టు ఎవరు రాశారు, ఎండలో ఎవరు నిలబడ్డారు, గొంతు ఎవరిచ్చారు. పెద్దాయన రహస్య లైను రిసీవర్ అతని చెవికి ఆనించాడు. అవతల అక్క. కాగితం ముందే చదివి వినిపించారు కాబోలు.

"అందులో అబద్ధం ఏముందిరా?" అంది.

ఇంకేదో అనబోయి నవ్వాపుకోలేకపోయింది. రహస్య లైను ఎక్కువసేపు తెరిచి ఉంచకూడదని రూలు. పెద్దాయన గడియారం చూపించాడు, దగ్గాడు, చెయ్యి ఊపాడు. ఆ ఒక్కసారికి మాత్రం పిల్లి ఎవరినీ తొందరపెట్టలేదు.