పదికి పది తప్పు

"చెయ్యి తియ్యండి."

ఆమె నాతో అన్న మొదటి మాట అది.

"మా అమ్మ పడిపోతుందండీ," అన్నాను.

"పట్టుకోవడానికి నేనున్నాను. కుర్చీలోంచి ఆవిడ లేస్తున్నారా, మీరు లేపుతున్నారా? నేను ఎవరి బలం రాసుకోవాలి?"

చెయ్యి తీశాను. అమ్మ లేచి, కాస్త ఊగి, నిలబడింది. ఫిజియోథెరపిస్టు స్టాప్‌వాచ్ నొక్కి, కాగితం మీద ఏదో రాసుకుంది.

"మీరు ఆ గోడ దగ్గర నిలబడండి. గోడలాగే ఉండండి."

అమ్మ ఫక్కున నవ్వింది. స్ట్రోక్ వచ్చిన మూడు వారాల్లో అదే మొదటి నవ్వు.

అమ్మ టైలర్. కుడికాలు కదులుతోంది కానీ, చూడకపోతే అది ఎక్కడుందో ఆవిడకి తెలియడం లేదు. మిషను పెడల్‌ని ఎంత నొక్కుతోందో కాలికి తెలియకపోతే, సూది గుడ్డతోపాటు వేలినీ కుట్టేస్తుంది. "నేను సరే అనేదాకా మిషను ముట్టుకోకూడదు," అని తేల్చి చెప్పేసింది ఫిజియో.

పరీక్ష చిన్నదే. అమ్మ కళ్ళు మూసుకుంటుంది. ఫిజియో ఆవిడ కాలి బొటనవేలు పట్టుకుని పైకో, కిందికో కదుపుతుంది. ఎటో చెప్పాలి. మొదటిరోజు పదింటిలో ఐదు ఒప్పు.

"సగం మార్కులు!" అన్నాను సంబరంగా.

"బొమ్మా బొరుసూ వేసినా సగం వస్తాయి. అంటే ఏమీ తెలియడం లేదని. అయినా గోడలు మాట్లాడవు."

రెండు నెలలు. వారానికి మూడుసార్లు. కెమెరాలు బాగుచేసే నా షాపు మూసి మరీ అమ్మని తీసుకెళ్ళేవాణ్ణి. ఫిజియో అమ్మ నడక చూసేది. నేను ఫిజియోని చూసేవాణ్ణి.

ఓ సాయంత్రం జోరువానలో గొడుగు ఇవ్వబోయాను.

"పేషెంట్ల వాళ్ళ దగ్గర ఏమీ తీసుకోను. ట్రీట్‌మెంట్ అయ్యేదాకా సొంత కబుర్లు కూడా ఉండవు. నా రూలు."

తడుస్తూనే వెళ్ళింది. రోడ్డు దాటాక మాత్రం ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. నా పక్కనే చేతికర్ర పట్టుకుని నిలబడ్డ అమ్మ ఇద్దర్నీ చూసింది.

చివరి పరీక్ష రోజు వచ్చింది. పాసైతే అమ్మకి మిషను. నాకు మాత్రం ఆ గదిలోకి వెళ్ళే సాకు ఉండదు. రూలు పోతుందిగా, అప్పుడు మాట్లాడొచ్చుగా అంటారా? ఎదురుగా ఉన్నప్పుడే గొంతు పెగలనివాణ్ణి, కనిపించకపోతే ఏం మాట్లాడతాను?

అమ్మ కళ్ళు మూసుకుంది. వేలు పైకి కదిలింది.

"కిందికి," అంది అమ్మ.

వేలు కిందికి కదిలింది.

"పైకి."

పదికి పది తప్పు!

ప్రేమా లేదు, గీమా లేదు. "అమ్మా! మళ్ళీ ఏమైంది?" అని పరుగెత్తుకొచ్చాను.

ఫిజియో మాత్రం కంగారుపడలేదు. పెన్ను కింద పెట్టింది.

"అమ్మగారూ, నిజంగా తెలియనివాళ్ళకి గుడ్డిగా చెప్పినా నాలుగైదు తగులుతాయి. పదికి పదీ తప్పు చెప్పాలంటే, పదికి పదీ తెలిసుండాలి."

అమ్మ ఒక కన్ను తెరిచింది. "దొరికిపోయానా?"

"మిషను, మిషను అని రెండు నెలలు నా ప్రాణం తీశారు కదండీ! ఎందుకు చేశారిలా?"

"మిషను ఇంకో నెల ఆగుతుందిలే తల్లీ. వీడు నోరు విప్పాలంటే నెలైనా పట్టేట్టుంది. అంతలోకే నాకు నయమైపోతే ఎలా?"

నా చెవులు వేడెక్కాయి. ఫిజియో తలొంచుకుని, బుగ్గలో నవ్వు దాచుకుని, మళ్ళీ వేలు పట్టుకుంది.

"ఈసారి దొంగాట వద్దు."

పదికి పదీ ఒప్పు.

ఆమె కాగితం మీద సంతకం చేసి, తేదీ వేసి, ఫైలు మూసింది. "ఈ నిమిషం నుంచి ఈవిడ నా పేషెంట్ కాదు."

తర్వాత నా వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పండి."

"ఏం... ఏం చెప్పాలి?"

"నెల పడుతుందన్నారే, అది."

"నేను... మీరు... టీ తాగుతారా?"

అమ్మ నుదురు కొట్టుకుంది. "రెండు నెలలు ఆలోచించి టీ అడిగావుట్రా?"

"ఫరవాలేదు, టీతోనే మొదలుపెడదాం, అత్తయ్యా!" అంది ఆమె.

అమ్మ చేతికర్ర మరిచిపోయి తలుపు వైపు నడిచింది. "బయట కూర్చుంటాను. నిదానంగా రండి."