మంగళవారం నాలుగింటికి చోటు మీదే

రేవులో ఓడలకు చోటు కేటాయించే అమ్మాయి, మొహమైనా చూడకముందే అతనికి ‘పరుగు సార్’ అని పేరు పెట్టేసింది.

పెట్టదూ మరి! కంటెయినర్ ఓడల కంపెనీలో షెడ్యూళ్లు వేసే ఆ కుర్రాడు ప్రతి ఓడనీ ఉరుకులు పరుగుల మీద రప్పించేవాడు. తీరా వచ్చాక అది రేవు బయట లంగరేసుకుని రెండు మూడు రోజులు గోళ్లు గిల్లుకుంటూ కూర్చునేది. ముందొచ్చిన వాళ్లకే ముందు చోటని అక్కడ ఎప్పట్నుంచో వాడుక. అందుకే అందరిదీ అదే పరుగు.

ఓ రోజు ఆమె ఏ ఓడకు ఎప్పుడు చోటో గీసుకునే చార్టు చంకన పెట్టుకుని నేరుగా అతని టేబుల్ దగ్గరికే వచ్చింది.

“అంత ఆయిలు తగలేసి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడటం దేనికండీ? మంగళవారం నాలుగింటికి చోటు మీదే. నిదానంగా రమ్మనండి.”

“మధ్యలో ఇంకెవరైనా దూరితే?”

“మాటిస్తున్నాగా.”

ఆ ఒక్క మాట పట్టుకుని వేగం తగ్గించమని ఓడకు కబురు పెట్టాడు. కెప్టెన్ ఫోన్లోనే చీవాట్లు పెట్టాడు. చోటు పోతే నీ ఉద్యోగమూ పోతుందని మేనేజరు తెగేసి చెప్పాడు.

సోమవారం పొద్దున్నే వేరే కంపెనీ ఓడ వచ్చి బయట నిలబడింది. ముందొచ్చాం గనక చోటు మాదేనని వాళ్లు ఆమె గదిలో గంటసేపు వాదించారట. ఆమె చార్టులో గీసిన గీత చెరపనే లేదు.

మంగళవారం నాలుగింటికి అతని ఓడ నింపాదిగా వచ్చి గట్టు పక్కన ఆగింది. ఎప్పుడూ అయ్యే ఆయిల్లో ఐదో వంతు మిగిలింది. మేనేజరు భుజం తట్టాడు.

ఉద్యోగం నిలబడింది గానీ మనసు నిలబడలేదు. ఆమెకు ఆ మాట చెబుదామని రోజూ ఆఫీసు వదలడానికి గంట ముందే రేవు గేటు దగ్గరికి వెళ్లడం, ఆమె కనబడగానే నోరు పెగలక వెనక్కి రావడం. మూడు వారాలు ఇదే వరస.

చివరికి ఆమే ఆగి నిలదీసింది. “రోజూ ఇక్కడ లంగరేస్తున్నారు. సంగతేమిటి?”

“మీరంటే నాకు ఇష్టం. నాకంటే ముందు ఇంకెవరైనా వచ్చేస్తారేమోనని భయం.”

ఆమె నవ్వాపుకుంది. “ఆదివారం నాలుగింటికి నాన్న ఇంట్లో ఉంటారు. లైన్లో ఇంకెవరూ లేరు. నిదానంగా రండి.”

ఆదివారం రెండున్నరకే అతని బండి ఆమె వీధిలో చక్కర్లు మొదలుపెట్టింది. నాలుగో చుట్టులో బాల్కనీలో ఉన్న ఆమె తండ్రి కూతుర్ని పిలిచాడు.

“ఏమ్మా, ఆయిలు మిగిల్చే అబ్బాయన్నావు. ఈ పెట్రోలు తగలేసేవాడేనా?”

“ఇతనే నాన్నా,” అంది ఆమె తల వంచుకుని.

“మరి పైకి రమ్మను. చోటు ఖాళీగానే ఉందిగా.”