ఇస్తారి సైకిల్ మీది బరువు

మేం బతుకవోయిన అరబ్బు దేశంల, బౌషర్ అవతల కంకర క్వారీకి ఎక్కే మట్టి తొవ్వల, మూడో మలుపు కాడ ఒక రాతి ఇల్లు ఉండె. తలుపుల్లేవు, కప్పు లేదు. పక్కపొంటి నీళ్లింకిపోయిన కాలువ. పగటిపూట పోతే ఏం లేదు, మేకలు నీడకు పండుకుంటయి. పొద్దుగూకినంక మాత్రం అక్కడ ఎవ్వడు ఆగడు. ట్యాంకర్ డ్రైవర్లు గూడ హారన్ కొట్టుకుంట, ముందటికే చూసుకుంట దాటుతరు.

ఎందుకంటె... ఎనుకకెల్లి ఒకడు అడుగుతడట.

"భాయ్... జరా బిఠా లో."

ఎక్కించుకొమ్మని. అంతే. కొట్టడు, బెదిరియ్యడు. నువ్వు పలికినా పలుకకున్నా ఎక్కి కూసుంటడట. తారు రోడ్డు వచ్చెదాక బండి బరువుంటది. రోడ్డు తగలంగనే దిగిపోతడట.

వాడెవడో ఎవ్వనికి తెల్వదు. బెంగాలోళ్లు మా బెంగాలోడే అంటరు. మలయాళపోళ్లు కాదు మావోడంటరు. నీళ్ల ట్యాంకర్ నడిపే పాకిస్తానీ ఎహసాన్ అయితే మా ఊరి దిక్కోడే అని ఒట్టేస్తడు. ఒక్క ముచ్చట మాత్రం అందరు ఒక్క తీర్గనే చెప్తరు. ఛుట్టీ దొరికి, పెట్టె కట్టుకొని, ఇంటికని బయల్దేరి... ఆ మలుపు కాడ బండి కోసం నిలవడ్డడు. ఇల్లు చేరలేదు.

నేనివన్ని నమ్మెటోన్ని కాదు. ఇరవై ఏండ్లు సెంట్రింగ్ పని చేసిన. చీకట్ల ఏడో అంతస్తు మీద ఒక్కన్నే నిలవడ్డ మనిషిని. నా కోపమంత దయ్యం మీద కాదు, ఇస్తారి మీద.

ఇస్తారి మా రూమోడు. నాదీ వానిదీ మెట్‌పల్లి దిక్కు పక్కపక్క ఊర్లు. నన్ను అన్నా అంటడు. బౌషర్ల సైకిల్ రిపేర్ దుకాణంల మెకానిక్. తొంభై ఆరు, తొంభై ఏడు నాటికి ఆ దుకాణానికి కొండలెక్కే సైకిళ్లు రావట్టె. లావు టైర్లు, ఇరవై ఒక్క గేర్లు. తొక్కెటోళ్లంత కంపెనీల తెల్ల సార్లు. వాళ్లకు ఏం పోయేకాలమో, నడుస్తున్న పార్టు తీపిచ్చి దానికంటె మంచిది ఏయించుకుంటరు. ఆర్నెల్లకు మళ్ల అదీ తీపిస్తరు.

తీసిన పార్టులన్ని ఇస్తారికి. ఒకాయన బ్రేకులు, ఒకాయన గేర్లు, ఇంకొకాయన స్ప్రింగుల ఫోర్కు. రెండేండ్లు ఏరుకొని ఏరుకొని సైకిల్ కట్టిండు. దాన్ని నా మంచం మీద మొలకు తగిలేసిండు! నా లుంగీల మీద గ్రీజు, దిండు మీద గ్రీజు. తిడితే నవ్వుతడు.

ఎందుకురా నీకీ పిచ్చి అని ఒకనాడు గట్టిగనే అడిగిన. అప్పుడు చెప్పిండు.

వానికొక బిడ్డ, సంగీత. ఆరేండ్లది. వాడు ఇక్కడికి వచ్చినప్పుడు తల్లి కడుపుల ఉన్నది. రెండేండ్ల కింద ఛుట్టీకి పోతే నలభై రోజులు తల్లి చెంగు ఇడువలేదు. వీన్ని చూస్తే ఏడుపే. ఒక్కనాడు వీడు కిరాయి సైకిల్ తెచ్చి వాకిట్ల చేతులిడిచి తొక్కితే... పకపక నవ్విందట. ఆ ఒక్కసారే. పోయిన దసరాకు మంచం మీద కూసోని వీడియో తీపిచ్చుకొని పంపిండు. పిల్ల చూసి, "టీవీల మామ ఎవరే అమ్మా?" అన్నదట.

"అన్నా, మామ అన్నదే నన్ను!" అన్నడు. అని సైకిల్ పైడలు తిప్పుకుంట కూసున్నడు.  

అందుకని సైకిల్ మీద వీడియో తియ్యాలె, మొకం కనవడాలె, మాట్లాడాలె. నేను తొంభై ఏడు అక్టోబర్ల ఇంటికి పోతున్న, క్యాసెట్ నాతోనే పంపాలె. మా దగ్గర అదే రివాజు. ఎవడు ఛుట్టీకి పోయినా రూమందరి క్యాసెట్లు వాని పెట్టెలనే పోతయి. ఈసారి గుర్తువట్టకుంటె ఇంక నన్నెప్పుడు గుర్తువట్టదన్నా అని వాని భయం.

ఇగ మొదలైంది తిప్పలు. వీడు రోజు దుకాణం మూసినంక క్వారీ తొవ్వల దిగుడు ప్రాక్టీసు చేస్తుండె. వచ్చి ఒక్కటే మాట.

"అన్నా, మూడో మలుపు కాడ బండి బరువెక్కుతుంది."

దిగుడుల బరువెక్కుడేందిరా పిచ్చోడా అన్న. మెకానిక్ కద, వానికి తప్పంత పార్టుల కనవడ్తది. బ్రేకు ఒరుస్తుందన్నడు. బ్రేకులు మార్చిండు. మళ్ల బరువే. ఎనుక చక్రం బేరింగులన్నడు. గోళీలన్ని తీసి నా పళ్లెంల పోసి కడిగిండు. అన్నం తినే పళ్లెంల! కొత్తయి ఏసిండు. మళ్ల బరువే. చైన్ మార్చిండు, గేర్ల పళ్లు మార్చిండు. హాలండ్ సార్ ఒకాయన తీపిచ్చిన చక్రం, అల్యూమినియంది, ఈకంత తేలిక... అది గూడ ఎక్కిచ్చిండు.

మూడో మలుపు వచ్చింది. ఎనుక టైర్ అణిగింది. ఇద్దరు కూసుంటె ఎట్ల అణుగుతదో అట్ల.

ఆ రాత్రి వచ్చి పానా తీసి గోడకేసి కొట్టిండు. "ఇంకేం మార్చాలె? నన్ను మార్చాల్నా?" అని ఒర్రిండు. పక్క రూమోళ్లు గూడ లేచి వచ్చిండ్రు.

నాకు తిక్క లేసి ఎహసాన్ దగ్గరికి తోలుకపోయిన. ఆయన విని, చాయ కింద వెట్టి, మెల్లగ చెప్పిండు. ఆ తొవ్వ ఇడువు. ఇడువలేనంటవా... ఎనుకకు తిరుగకు. అక్కడ పేరు మాత్రం చెప్పకు. నీది గాని, నీ ఇంటోళ్లది గాని.

"దీనికి క్యారేజే లేదు చాచా, యాడ కూసుంటడు?" అని నవ్విండు ఇస్తారి.

ఎహసాన్ నవ్వలేదు.

రేపు నా విమానం అనంగ, హాలండ్ సార్ ఒక్క పూటకు తన వీడియో కెమెరా ఇచ్చిండు. ఆ దినం జరిగింది నేను చూడలేదు, రూముల పెట్టె కట్టుకుంటున్న. తర్వాత వాడు చెప్పిందే చెప్తున్న.

నాలుగింటికి పోవాలె. అర్బాబ్, అంటె దుకాణం సేటు, ఎవరిదో పంక్చర్ చూడమన్నడు. చూసిండు. హ్యాండిల్‌కు కెమెరా పట్టి బిగిచ్చిండు, ఎనుకకు తిప్పి, తన మొకం దిక్కు. పట్టి ఇరిగింది. పాత సీటు క్లాంపు కోసి ఇంకోటి చేసిండు. ఐదున్నర. బ్యాటరీ చూస్తె సగమే ఉన్నది, ఛార్జింగుకు పెట్టిండు. కరెంటు పోయింది! బౌషర్ల కరెంటు పోవుడు ఏడాదికొకసారి, అది ఆనాడే కావాల్నా? తీరా కొండ మీదికి తోసుకుంట పోయెసరికి మొత్తం చీకటి.

ఇంకొకడైతె వాపసు వచ్చేటోడు. వీడు రాలేదు. తెల్ల సార్లు రాత్రి తొక్కే బ్యాటరీ లైట్లు రెండు తెచ్చుకున్నడు. ఒకటి తొవ్వకు కట్టిండు, ఒకటి తన మొకానికి కట్టిండు. మొకం కనవడాలె కద. కండ్లల్ల వెలుగు కొట్టి ముందల సగమే కనవడ్తుంది. అయినా కెమెరా చాలు చేసి, కాళ్లు పైడళ్ల మీద వెట్టిండు.

మొదటి మలుపు బాగనే దాటిండు. "సంగీతా, ఇటు చూడు బిడ్డా. నేను బాపును. చూసినవా నా సైకిల్?"

పేరు చెప్పొద్దన్న మాట వానికి యాదికే లేదు. ఉన్నా గూడ పేరు చెప్పక బిడ్డతోని ఎట్ల మాట్లాడుతడు?

రెండో మలుపు.

మూడో మలుపు... రాతి ఇల్లు పక్కకు వచ్చింది. లైటు ఒకసారి దాని మీద వడి జరిగింది.

"భాయ్..."

చెవుల్నే. గొంతు ఎండిపోయి.

ఎనుక టైర్ అణిగింది. ఎప్పటికంటె ఎక్కువ. రిమ్ము రాళ్లకు తాకుతుంది, కణకణ. భుజాల మీద చేతులు పడ్డయట. చల్లగ, మెత్తగ, బండి మీద ఎనుక కూసున్నోడు ఆసరాకు పట్టుకుంటడు చూడు, అట్ల. మెడ మీద ఊపిరి.

తిరిగి చూస్తె మొకం కెమెరాకు కనవడది. ఏడిస్తె బిడ్డ జడుసుకుంటది. ఆగితె క్యాసెట్ ఖరాబ్. ఇంకొక పూట లేదు.

అందుకని వాడు నవ్విండట.

"సంగీతా... చూడు బిడ్డా... బాపు ఎట్ల తొక్కుతుండో చూడు." పండ్లు కొట్టుకుంటుంటె, నవ్వుకుంట, కెమెరా దిక్కే చూసుకుంట. "మన ఊరికి వస్త... మన వాకిట్లకు వస్త... నిన్ను ముందల కూసోవెట్టుకుంట..."

ఎనుకకెల్లి ఎవరో మెల్లగ "హూఁ" కొట్టిండ్రట. ప్రతి మాటకు.

తారు రోడ్డు తగిలింది. వాడు రోడ్డు మీద వడ్డడు. సైకిల్ ఒక దిక్కు, వాడొక దిక్కు. కెమెరాకు గీత గూడ పడలేదు.

తొమ్మిదింటికి రూముకు వచ్చిండు. అంగీ మొత్తం తడిసింది, మోకాలు పగిలింది. నేను దొరికినంత తిట్టిన. వాడు మాత్రం కెమెరా అద్దంల కన్ను వెట్టి క్యాసెట్ మొదటికెల్లి చూస్తుండు.

"మొకం మంచిగ వచ్చిందన్నా," అన్నడు. "నవ్వు గూడ వచ్చింది."

"ఎనుక?" అన్న.

"ఎనుకేముంటదే? చీకటి."

తెల్లారి ఎయిర్‌పోర్టు దిక్కున్న సీబ్‌ల స్టూడియోకు పోయి, వీసీఆర్‌కు పట్టే పెద్ద క్యాసెట్ల కాపీ చేపిచ్చుకొని, అటునుంచటే విమానమెక్కిన. బొంబాయి దాక ఆ క్యాసెట్ నా ఒళ్లెనే ఉన్నది. పెట్టెల వెడితె ఏమన్నయితదని నా భయం. నిజం చెప్పాల్నా? ఒళ్లె మస్తు బరువుండె. నిద్రలేక అనుకున్న.

ఇస్తారి ఇంట్ల టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చిండ్రు. వాడకట్టంత వచ్చి కూసున్నది. ఇస్తారి పెండ్లాం రాజేశ్వరి చాయ ఇచ్చి, "మీరే పెట్టుండ్రి బావా," అన్నది. సంగీత తల్లి ఒళ్లె, బొటనవేలు నోట్లె.

పెట్టిన. ఇస్తారి మొకం వచ్చింది. లైటు వెలుగుల తెల్లగ, చెమటతోని. "సంగీతా, నేను బాపును."

పిల్ల చూస్తుంది. ఏడుస్తలేదు, నవ్వుతలేదు. నా పాణమంత దాని మొకం మీదనే ఉన్నది. అను బిడ్డా, ఒక్కసారి అను. మీ అయ్య ఆ ఒక్క మాట కోసం సచ్చి బతికి తొక్కిండు...

మూడో మలుపు వచ్చింది. చప్పుడుతోనే తెలిసింది నాకు, కణకణ. నేను టీవీ దిక్కు చూసిన. ఇస్తారి నవ్వుతుండు. ఎనుక చీకటి. ఇంకేం లేదు, నా కండ్ల మీద ఒట్టు.

సంగీత నోట్లెకెల్లి వేలు తీసింది. తల్లి ఒళ్లెకెల్లి దిగింది. పకపక నవ్వుకుంట ఉరికి టీవీ అద్దం మీద చెయ్యి వెట్టింది.

"బాపు! అమ్మా, బాపు!"

రాజేశ్వరి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అవ్వలందరు ఓయమ్మో అన్నరు. నా కండ్లు గూడ మసకలైనయి. అప్పుడు చూసిన, పిల్ల చెయ్యి ఇస్తారి మొకం మీద లేదు. వాని భుజం పైన, చీకట్ల ఉన్నది.

"బిడ్డా, బాపు ఏడి?" అన్న. 

"గీయనే పెద్దబాపు. ఎనుక కూసున్నడు కద." చీకటిని వేలుతోని రాసింది. తర్వాత ఇస్తారి మొకం మీద వేలు వెట్టి, తల్లి దిక్కు తిరిగి అడిగింది. "అమ్మా, బాపును ఎక్కించుకొచ్చిన ఈ మామ ఎవరే?"

రాజేశ్వరి నవ్వి, "దీనికన్ని పరాష్కాలే," అని దగ్గరికి గుంజుకున్నది. నేను లేచి వాకిట్లకు వచ్చిన. చెప్పులు ఇడిసిన కాడనే ఇడిసి నడిచిన.

శుక్రవారం వాళ్ల ఊరి ఎస్టీడీ బూతుకు నాకు ఫోన్ చేస్తనన్నడు ఇస్తారి. చేసిండు. అసలు ముచ్చట అడుగ భయమైనట్టుంది, ఇంకేందో చెప్పుకుంట పోతుండు. మోకాలు మానిందట. హాలండ్ సార్ మంచిగ మాట్లాడిండట.

"ఇంకోటన్నా, బండి నయమైంది! నువ్వు పోయిన కాడికెల్లి మూడో మలుపుల అస్సలు బరువు లేదు. మూడు రాత్రులు దిగి చూసిన. ఈకంత తేలిక. ఏ పార్టుతోని సెట్టయిందో సమజైతలేదు."

 బూతు అద్దంలకెల్లి ఇస్తారి వాకిలి కనవడ్తుంది. సంగీత అరుగు మీద కూసోని, ఒక్కతే, పక్కకు తిరిగి ఏందో ముచ్చట చెప్తుంది.

"అన్నా..." అన్నడు ఇస్తారి.  "గుర్తువట్టిందా?"

"వట్టింది."

"బాపు అన్నదా?"

"అన్నది రా," అన్న. "నవ్వుకుంటనే అన్నది."