బుల్లమ్మ సూసిన ఇందీ సినిమా

కాదే రేకా, సినిమాకి నాను తీసుకెళ్లనేదు. మీ అమ్మమ్మే ఎల్తానన్నాది. ఇనిపిస్తందా... ఫోను ఇలాగే పట్టుకోనా? సరే.

మా ఊరి తుపాను షెల్టరు ఉన్నాది సూడు, సముద్రం ఒడ్డున. సీకటడితే ఆ గోడకాడ ఎవులూ కూకోరు. ఎనకటి తుపానుకి కొట్టుకొచ్చిన శవాలు, ఎవులివో తెలీనివి, అక్కడే పడుకోబెట్టినారు. అప్పట్నుంచి ఆ సీకట్లో పక్కన కూకుని ఎవులో కత సెప్తారంట. ఇనొచ్చంట. ఊ మాత్రం కొట్టకూడదంట... కొడితే మనెంబడి ఇంటికొచ్చీస్తారంట. తాతమ్మని ఒక ముసల్ది ఉండీది, అది సెప్పీది.

మొన్న దీపావలికి మా మేనల్లుడు ధనరాజు వొచ్చినాడు, గుజరాతులో బోటు మీద పన్జేస్తాడు. నరసన్నపేట నుంచి ప్రొజెక్టరు అద్దెకి తెచ్చినాడు. ఇందీ సినిమా ఏస్తానన్నాడు. అంత పెద్ద తెల్ల గోడ షెల్టరుకే ఉన్నాది. పెద్దోలం వొద్దన్నాం. కుర్రోలు నవ్వినారు.

మీ ఉమా మావ కూడా ఆ గుజరాతు బోటు మీద్నుంచే కదా పడిపోనాడు. ఏడాదైనాది. శవం కూడా దొరకనేదు. అప్పట్నుంచి మీ అమ్మమ్మ మాటాడ్డం మానీసినాది. పెడితే తినీది, నేకపోతే నేదు.

ఉమా ఇంటికొచ్చినప్పుడల్లా టీవీలో ఇందీ సినిమా పెట్టి, తల్లి పక్కన కూకుని, మాటమాటా తెలుగులో సెప్పీవోడు. అందుకే ఇందీ అనీసరికి సాప సంకన పెట్టుకుని తనే బయిల్దేరినాది. ఆపడానికి నాకు నోరు రానేదు.

అబ్బ, ఆ సినిమాలో ఏటి మేడలే అయ్యి! మేడ నిండా దీపాలు. ఎర్ర పరికిణీలు కట్టుకుని ఆడోలు ఒక్కలాగ తిరగతన్నారు. పైనుంచి పూలు రాల్తన్నాయి. అందరూ ఆడతంటే ఆలింట్లో వొంట ఎవులు సేస్తార్రా అన్నాడు ఎనక కూకున్న జోగయ్య. నవ్వినారు. ఆ ఇందీలో నాకు ఒక్క ముక్కా తెలీనేదు.

అప్పుడిన్నాను.

"ఊ..."

మీ అమ్మమ్మ. తల కొంచెం అటు వొంచినాది. అటుపక్క సాప కాళీ...

"ఊ... ఊ..."

సెయ్యట్టుకుని లాగినాను. నా సెయ్యి తీసీసినాది.

సినిమా కడాకరికి రానేదు, జనరేటరు ఆగిపోనాది. ధనరాజు టార్చి ఏసి మమ్మల్ని ఇంటికి దిగబెట్టడానికి వొచ్చినాడు. దారంతా మీ అమ్మమ్మ మాటాడతానే ఉన్నాది. ఏడాది తరవాత! ఆ పిల్ల పేరేటి, ఆ పెళ్లి ఎవులు సెడగొట్టినారు, ఆ కుర్రోడు రైలెక్కి ఎందుకెల్లిపోనాడు... అన్నీ.

ధనరాజు ఆగిపోనాడు.

"మావా, బుల్లమ్మత్తకి ఇందీ ఎప్పుడొచ్చింది?" అన్నాడు, మెల్లగా.

ఎవులు సెప్పినారే అనడిగినాను. ఉమా సెప్తన్నాడు కదా పక్కన కూకుని, అన్నాది. అదేదో రోజూ జరిగినట్టే అన్నాది.

"ఊ కొట్టీసినావేటే?"

"కొట్టకపోతే కత ఆపీస్తాడు కదా."

ధనరాజు మరి మా గుమ్మం దాకా రానేదు.

లైటు ఆర్పనేదు నాను. మీ అమ్మమ్మ మంచమ్మీద గోడకేసి తిరిగి పడుకున్నాది. మిగతా కత ఇంటికొచ్చి సెప్తానన్నాడంట. కాసేపటికి మళ్లీ...

"ఊ..."

ఆపీయే, నీకు దండమెడతాను, అన్నాను. నోటిమీద ఏలు పెట్టి నన్నే ఊరుకోమన్నాది. మొకం సూస్తే నవ్వుతన్నాది రేకా.

నాను కూడా ఎల్లి ఆ మంచం పట్టీ మీద కూకున్నాను. సెవి పెట్టినాను. నా కొడుకు గొంతు ఒక్కపాలి ఇందామని... సముద్రం మోతే. ఇంకేటీ నేదు.

"ఊ..."

తరవాత్తరవాత దూరం దూరంగా. తరవాత ఆగిపోనాది. కత అయిపోనాది కాబోలనుకున్నాను. అలాగే కన్నంటుకున్నాది.

తెల్లారి సూసీసరికి మీ అమ్మమ్మ నిద్దట్లోనే పోనాది.