కీమ్యాన్ నిలబడే జాగా

కాలేజీ మధ్యల ఇడిచిపెట్టిన కాన్నుంచి మా అమ్మ నన్ను కిరాయోని లెక్క చూస్తున్నది. "ఒరేయ్ ఉంగా, ఇది ఇల్లా, లాడ్జా?" అంటది. నేను ఇనుప గనుల ఊరు కిరండూల్‌ల సుక్రాం భయ్యా ఫోటో స్టూడియోల పని చేస్త. ఖాళీ దొరికితే కెమెరా పట్టుకుని బజారు, బస్టాండు, రైల్వే క్వార్టర్లు తిరుగుత. కనబడ్డోళ్లందర్ని ఒక్కటే అడుగుత, "మీ జాగా ఏది? ఆడ నిలబడుర్రి" అని. ఒకామె కూరగాయల తట్ట పక్కన నిలబడ్డది. ఒకాయన లారీ ఎక్కి స్టీరింగ్ పట్టుకున్నడు. నా జాగా ఏదని మాత్రం ఎవ్వరూ అడగలే.

ఆ రోజు పాత క్వార్టర్ల దిక్కు పోయిన. కూలగొడ్తరంటే అందరూ ఖాళీ చేసిన్రు. మిగిలింది దేవుడమ్మ ఒక్కతే. విజయనగరం దిక్కామె. మొగడు జయరావు రైల్వేల కీమ్యాన్. సుత్తి పట్టుకుని పట్టాల పొడుగునా నడుసుకుంట, వదులైన కీలు కొట్టి బిగించే పని. నిరుడు వానల్ల, పొగమంచుల డ్యూటీకి పోయి తిరిగి రాలే. సుత్తి కూడా దొరకలే.

"రేపు రైలుకి ఎల్లిపోతన్నాను బాబూ," అన్నది. "ఈ గుమ్మం కాడ మా ఇద్దరికీ కలిపి పొటో తియ్యాల నువ్వు. ఆయన్నిక్కడ ఒగ్గీసి ఎలా ఎల్తాను?"

ఆమె దగ్గర జయరావుది పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఒక్కటే ఉన్నది, తీసి నాకిచ్చింది. తల ఉంది, ఒళ్లు లేదు. ఇసొంటివి స్టూడియోల మాకు మామూలే. కంప్యూటర్ల ఎవనిదో ఒళ్లు తీసి, పోయినోళ్ల తల అతికిస్తం. సుక్రాం భయ్యా ఒక్క మాట చెప్పేటోడు, "బతికున్నోన్ని మాత్రం ఆ జాగాల నిలబెట్టకురా. అంటుకుంటది." నేను నవ్వేటోన్ని. కంప్యూటర్ ఒళ్లైతే నీడ కుదరదు, అతుకు కనబడ్తది. నేనే నిలబడి, తర్వాత తల మారిస్తే అయిపాయె కద!

ఆమె ట్రంకు పెట్టెలకెల్లి నీలం డ్యూటీ అంగీ తీసింది. కలరా ఉండల వాసన. దాని కింద ఇనుప దుమ్ము వాసన. నా ఎర్ర టీషర్టు ఇప్పి తలుపు గొళ్లేనికి తగిలేసిన. అంగీ తొడుక్కున్న. నా కొలత తీసి కుట్టినట్టే ఉన్నది.

మధ్యాహ్నమే అప్పటికి. కానీ కొండ మీదికెల్లి మబ్బు దిగింది. మొదలు గుట్ట కనబడకుంట పోయింది, తర్వాత పట్టాలు, తర్వాత ఎదురు క్వార్టర్లు. ఎప్పుడూ ఆగని గని రొద కూడా మబ్బుల మునిగిపోయింది. కెమెరా స్టాండు మీద పెట్టి, టైమర్ నొక్కి, ఉరికొచ్చి ఆమె పక్కన నిలబడ్డ.

ఠణ్...

దూరంగ. పట్టా మీద ఇనుము.

"ఏందమ్మా అది?"

"తిన్నగుండు," అన్నది గుసగుసగ.

ఠణ్... ఠణ్...

నా చెవులు మంచివి. ఏ లైన్ల ఏ బండి వస్తుందో ఇంట్ల కూసొనే చెప్త. ఇప్పుడది పట్టాల మీద లేదు. కంకర మీద అడుగులు... తర్వాత బురదల... తర్వాత వాకిట్ల.

కెమెరా ఎర్ర లైటు ఆరుతున్నది, వెలుగుతున్నది. టైమర్ కొంచెం సేపే పెట్టిన. అయిపోతలేదు...

ఇనుప దుమ్ము వాసన. మెడ మీద తడి ఊపిరి.

"తిరక్కు," అన్నది దేవుడమ్మ. "ఆయన సోటులో నువ్వున్నావు. కొంచెం జరుగు బాబూ..."

జరుగుదామనుకున్న. కాళ్లు రాలే.

క్లిక్.

ఎవ్వరూ లేరు. మబ్బు అట్లనే ఉన్నది. దేవుడమ్మ కండ్లు తుడుసుకుని నా దిక్కు చూసింది. కొత్తగ... సిగ్గుపడ్తున్నట్టు.

"తడిసిపోనారు. అన్నం ఎట్టీసినాను, రండి."

ఇంతసేపు నన్ను నువ్వు, బాబూ అన్నామె.

కెమెరా గుంజుకుని ఉరికిన. వీధి చివర ఆగి ఫోటో చూసిన. గుమ్మంల దేవుడమ్మ. పక్కన నీలం అంగీ. దాని మీద జయరావు మొఖం. నేనింకా ఏమీ అతికియ్యలే! పాస్‌పోర్ట్ ఫోటో నా జేబులనే ఉన్నది.

ఫోటోల వెనకాల తలుపు గొళ్లెం ఖాళీగ ఉన్నది. ఫోటో అంచుకు, మబ్బుల, ఎవరో నిలబడ్డరు. పెద్దగ చేసి చూసిన.

ఎర్ర టీషర్టు. నేను.

ఇంటిదాక ఎట్ల వచ్చిన్నో తెల్వదు. తలుపు కొట్టిన. అమ్మ తీసింది. నన్ను చూసి పైట సర్దుకున్నది. తర్వాత నా భుజం మీదికెల్లి వెనక్కి చూసింది.

"ఉంగా, ఎంతసేపు నానుతవ్ బిడ్డా? లోపలికి రా." ఆ ప్రేమ గొంతు విని ఎన్నాళ్లయిందో. "ఈయనెవరురా?"

తడి ఎర్ర టీషర్టు ఒకటి నన్ను రాసుకుంట లోపలికి పోయింది. తలుపు మూసుకున్నది.

లోపల కంచం పెట్టిన చప్పుడు. అమ్మ నవ్వు.

"అమ్మా..." మళ్ల కొడ్దామని చెయ్యి లేపిన. చెయ్యి బరువుగ ఉన్నది, సుత్తి పట్టుకున్నట్టు.

మాది కట్టె తలుపే.

ఠణ్.